‘ఎవరొస్తే మనకేంటి’ అన్నవాళ్ళకు అభిప్రాయం లేదనుకోవచ్చా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు జర్నలిజం చదువుతున్నారు. మామూలు జనం జాతీయ రాజకీయాల గురించి ఏమనుకుంటున్నారో ప్రాజెక్టు కోసం మీ మండలంలో అడిగి చూశారు. ఎక్కువమంది ‘ఎవరొస్తే మనకేంటి’ అని దాటేశారు. మిగతావాళ్ళు టీవీ చర్చల్లో విన్న మాటలే తిరిగి చెప్పారు. జనానికి ఢిల్లీ సంగతుల మీద సొంత అభిప్రాయం అసలు ఉంటుందా, లేక కులాన్నీ డబ్బునీ చూసి ఓటేసి ఊరుకుంటారా అని మీ సందేహం. సర్వేలు ఎందుకు తప్పుతాయో కూడా అడిగారు.

ఉంటుంది. చాలామందికి గట్టిగానే ఉంటుంది. కాకపోతే అది మనం అడిగే రూపంలో ఉండదు. ‘కేంద్ర ప్రభుత్వ పనితీరు ఎలా ఉంది’ అన్న ప్రశ్నకు జవాబుగా ఎవరూ అభిప్రాయం తయారు చేసిపెట్టుకోరు. గ్యాస్ బండ, యూరియా బస్తా, కొడుకు రాసిన ఆర్మీ పరీక్ష, బ్యాంకు ముందు నిలబడిన రోజు... వీటి చుట్టూ ఏర్పడిన అభిప్రాయాలు ఉంటాయి. వాటిని కొత్తవాళ్ళకు చెప్పాలా వద్దా అన్న లెక్క వేరే ఉంటుంది. మీకు దొరికింది ఆ లెక్క తాలూకు జవాబు.

నేను చాలా ఏళ్ళుగా ప్రజాభిప్రాయ సర్వేల్లో పనిచేస్తున్నాను. మొదట్లో ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపేదాన్ని. తర్వాత, తిరిగే పిల్లలకు శిక్షణ ఇవ్వడం, వాళ్ళు తెచ్చిన ఫారాలు సరిచూడటం నా పని అయింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తిరిగాను. కింద రాసేదంతా ఆ అనుభవం నుంచే.

ముందు ‘ఎవరొస్తే మనకేంటి’ సంగతి చూద్దాం. ఈ మాటను అజ్ఞానం కింద రాసుకోవద్దని నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను. ఎదుటివాళ్ళ వైపు నుంచి ఆలోచించండి. ఎవరో బండి దిగి, చేతిలో ట్యాబ్ పట్టుకుని, పేరు, ఫోన్ నంబరు, కులం అడిగి, ఆ వెంటనే ‘మీరు ఎవరి వైపు’ అంటారు. ఈమధ్య ఊళ్ళకు సర్వే అని వచ్చేవాళ్ళు ఎవరు? పార్టీలవాళ్ళు, టికెట్టు కోసం చూసేవాళ్ళు, వాళ్ళు పెట్టుకున్న ఏజెన్సీలు. ఫోన్ ఎత్తితే ‘ఫలానా అభ్యర్థి అయితే ఒకటి నొక్కండి’ అని రికార్డు మాట. తాను చెప్పింది ఎక్కడికి చేరుతుందో ఆ మనిషికి తెలియదు. పింఛను, రేషన్ కార్డు, ఇంటి స్థలం పట్టా ఊళ్ళో ఎవరి దయ మీద ఆగి ఉన్నాయో మాత్రం బాగా తెలుసు. అలాంటప్పుడు తెలివైనవాళ్ళు ఎవరైనా ఏం చెప్తారు?

దీనికి ఇంకో కారణం ఉంది, పట్నంలో ఉండేవాళ్ళకు అంతగా తట్టదు. ఓటు రహస్యమే. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 128వ సెక్షన్ ఆ రహస్యాన్ని కాపాడమంటుంది. కానీ బూత్ ఫలితం రహస్యం కాదు. లెక్కింపు అయ్యాక ఫారం 20 అనే పట్టికలో ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో వివరంగా వస్తుంది, ఎవరైనా చూడొచ్చు. కాగితపు బ్యాలెట్ల కాలంలో పలు బూత్‌ల ఓట్లు కలిపేసి లెక్కించే వీలుండేది. ఈవీఎం ఏ బూత్‌ది ఆ బూత్‌గానే తేలుతుంది. కొన్ని యంత్రాల ఓట్లు కలిపి చూపే టోటలైజర్ వాడదామని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది, లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సమర్థించింది. అది అమల్లోకి రాలేదు.

దాని ఫలితం ఊళ్ళో ఎలా ఉంటుందంటే, లెక్కింపు అయిన మర్నాడు టీ కొట్టు దగ్గర ‘మన బూత్‌లో నలభై ఓట్లు అటు పడ్డాయి, ఎవరివి’ అన్న లెక్క మొదలవుతుంది. రెండు మూడు వీధులున్న చిన్న బూత్ అయితే ఊహించడం పెద్ద కష్టం కాదు. ఈ వాతావరణంలో బతికేవాళ్ళు మీలాంటి కొత్తవాళ్ళకు మనసులో మాట మొదటి నిమిషంలో చెప్తారని ఆశించడం న్యాయం కాదు. దాటేసిన వాళ్ళలో చాలామంది మర్యాదగా తలుపు వేసుకున్నారు, అంతే.

ఇక తలుపు తెరుచుకునే సందర్భాలు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఒక ఊరు. ఆ చుట్టుపక్కల సైన్యంలో పనిచేసేవాళ్ళు ఎక్కువ. తెల్లవారకముందే కుర్రాళ్ళు రోడ్డు మీద పరుగు తీస్తుంటారు. ఒక ఇంటి ముందు పెద్దాయన జీడిపిక్కలు ఎండబోస్తున్నాడు. మా సర్వే బృందంలోని అమ్మాయి ప్రశ్న చదివింది: కేంద్ర ప్రభుత్వ పనితీరు చాలా బాగుందా, బాగుందా, బాగోలేదా, అస్సలు బాగోలేదా? ఆయన తల ఎత్తకుండానే ‘ఎవలొచ్చినా మనకేటమ్మా, కష్టపడితేనే కదా కూడు’ అన్నాడు. అమ్మాయి ‘చెప్పలేను’ అన్న గడిలో టిక్కు పెట్టబోయింది. గోడ మీద యూనిఫాంలో ఉన్న కుర్రాడి ఫోటో కనిపిస్తే, బాబు ఎక్కడ పనిచేస్తున్నాడని నేను అడిగాను.

ఆయన చేతిలో ఉన్న గుడ్డ దులిపి పక్కన పెట్టి లేచాడు. ఫోటోలో ఉన్నది పెద్దవాడట, పర్మినెంటు ఉద్యోగం. చిన్నవాడు అన్నను చూసి పదోతరగతి నుంచే పరుగు మొదలుపెట్టాడు. కరోనా వచ్చి ఆర్మీ నియామక ర్యాలీలు ఆగిపోయాయి. వయసు దాటిపోతుందేమోనని రెండేళ్ళు ఇంట్లో అందరికీ టెన్షన్. 2022 జూన్‌లో అగ్నిపథ్ అన్నారు. నాలుగేళ్ళ కొలువు, తర్వాత వందలో ఇరవై ఐదుగురినే ఉంచుతారు. ‘చేతికి పదకొండు లక్షల చిల్లర ఇస్తారంట. ఇస్తారు, కాదనను. నాలుగేళ్ళ తర్వాత ఇంటికొచ్చేవాడికి పిల్లనెవలిస్తారమ్మా’ అన్నాడు. ఆ పథకం మీద టీవీలో ఎంత చర్చ జరిగినా ఈ ప్రశ్న నాకు వినబడలేదు. ఆయనకు అదే అసలు ప్రశ్న.

అంతటితో ఆపలేదు. సరిహద్దులో ఏదైనా జరిగితే ఇప్పుడు గట్టిగా బదులిస్తున్నారని, పెద్దవాడు కూడా అదే అంటాడని, ఆ విషయంలో ప్రభుత్వానికి నూటికి నూరు మార్కులని చెప్పాడు. అంటే ఒకే ప్రభుత్వం మీద ఒకే మనిషికి, ఒకే విడతలో రెండు ఎదురెదురు అభిప్రాయాలు. రెండూ ఆలోచించి ఏర్పరచుకున్నవే. మా ఫారంలో ఉన్న నాలుగు గడుల్లో ఆయన ఏ గడిలో పట్టాలి? ‘సగటున’ అని చెప్పమంటే మళ్ళీ ‘ఎవలొస్తే ఏటి’ దగ్గరికే వెళ్ళిపోతాడు. ఇది తలకెక్కాక నేను మొదటి ప్రశ్నగా పనితీరు గురించి అడగటం మాన్పించేశాను.

తెలంగాణలో 2025 వానాకాలం యూరియా కొరత మీకు గుర్తుండే ఉంటుంది. సొసైటీల ముందు చెప్పులు, పాస్‌పుస్తకాలు వరసలో పెట్టి రైతులు రాత్రిళ్ళు కాపలా కాశారు. తప్పు కేంద్రానిదని రాష్ట్రం, రాష్ట్రానిదని కేంద్రం అంటున్న రోజులవి. ఆ వరసలో ఒక రైతును ఈ గొడవ గురించి అడిగితే, ఆయన పార్టీల ఊసే ఎత్తలేదు. బస్తా ఒకప్పుడు యాభై కిలోలుండేదని, దాన్ని నలభై ఐదు చేశారని, రేటు రెండొందల అరవై ఆరు దగ్గరే ఉందంటారు గానీ ఎకరానికి పడే బస్తాల లెక్క మారిందని వివరించాడు. ఓడలో రావాల్సిన సరుకు ఆలస్యమైతే ఇక్కడ నాట్లు ఆగవు కదా అన్నాడు. 2018లో బస్తా బరువు తగ్గించిన సంగతి నిజమే. దిగుమతి మీద ఆధారపడటం, కేంద్రం ధర కట్టడి చేయడం, రాష్ట్రాలకు కేటాయింపులు... మొత్తం విధానం ఆయన మాటల్లో ఉంది. ఆ రైతునే ‘జాతీయ రాజకీయాల మీద మీ అభిప్రాయం’ అని అడిగి ఉంటే ‘మాకేం తెలుసు సారూ’ అని ఉండేవాడు.

ఆడవాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. గడపలో నిలబడి అడిగితే ‘మా ఆయన్ని అడగండి’ అంటారు. ఆయన పక్కనుంటే ఆయనే జవాబిస్తాడు, ఆవిడ తల ఊపుతుంది. మీరు ఆడవాళ్ళ కోసం నింపిన ఫారాల్లో మగవాళ్ళ జవాబులు ఎన్నో ఒకసారి చూసుకోండి. మధ్యాహ్నం వంట పని అయ్యాక, లేదా ఉపాధి పని దగ్గర విరామంలో, ఆడవాళ్ళు నలుగురే ఉన్నచోట కూర్చుంటే మాట వేరేగా ఉంటుంది. సిలిండర్ ధర ఎప్పుడు పెరిగిందో, 2023 ఆగస్టులో ఎంత తగ్గించారో, ఉజ్వల కనెక్షన్ ఉన్నవాళ్ళకు బ్యాంకులో ఎంత పడుతుందో, పడనివాళ్ళు ఎవరో పూస గుచ్చినట్టు చెప్తారు. ఏడాదికి ఎన్ని బండలు తీసుకున్నారని అడగండి. కనెక్షన్ ఉండీ సగం రోజులు పొయ్యి మీద వండే ఇల్లు ఎందుకలా చేస్తోందో ఆవిడ చెప్పే కారణమే ఇంధన ధరల మీద ఆవిడ రాజకీయ అభిప్రాయం.

ఇది క్విజ్ పోటీ కాదన్న సంగతి మరవద్దు. రేషన్ బియ్యంలో కేంద్రం వాటా ఎంత, రాష్ట్రం వాటా ఎంత, రైతు ఖాతాలో పడిన రెండు వేలు ఎవరు వేసినవి అని అడిగి, తప్పు చెప్తే ‘వీళ్ళకేమీ తెలియదు’ అని రాసేస్తుంటారు కొందరు. ఎవరిది ఏ పథకమో తెలియకపోవడం ఒక సంగతి, ఆ పథకం తన ఇంటికి ఏం చేసిందో తెలియడం ఇంకో సంగతి. రెండోది జనానికి ఎప్పుడూ తెలుసు. మొదటిది తెలియకుండా చేయడానికి రెండు ప్రభుత్వాలూ ఫ్లెక్సీల మీద బాగానే ఖర్చు పెడతాయి.

ఇవన్నీ నా మాటలే కదా, రుజువేంటి అంటారేమో. ఎన్నికల ఫలితాలే చూడండి. తెలంగాణలో 2018 డిసెంబరు శాసనసభ ఎన్నికల్లో టీఆర్ఎస్‌కు 119లో 88 సీట్లు, బీజేపీకి ఒక్కటి. సుమారు నాలుగు నెలలకే లోక్‌సభకు ఓటేసినప్పుడు 17లో బీజేపీకి 4, కాంగ్రెస్‌కు 3, టీఆర్ఎస్‌కు 9 వచ్చాయి. 2023 నవంబరులో ఓటేస్తే బీఆర్ఎస్‌కు 39 ఎమ్మెల్యే సీట్లొచ్చాయి. 2024 మేలో ఒక్క ఎంపీ సీటూ రాలేదు, కాంగ్రెస్, బీజేపీ చెరి ఎనిమిది పంచుకున్నాయి. ఢిల్లీలో 2014, 2019, 2024 మూడుసార్లూ ఏడుకు ఏడు ఎంపీ సీట్లు బీజేపీకి ఇచ్చిన జనమే 2015లో 70కి 67, 2020లో 62 ఎమ్మెల్యే సీట్లు ఆమ్ ఆద్మీ పార్టీకి ఇచ్చారు. అన్నిటికంటే నాకు ఇష్టమైన ఉదాహరణ 2019 ఒడిశా. ఒకే రోజు, ఒకే బూత్‌లో రెండు యంత్రాలు. శాసనసభకు అక్కడి ప్రాంతీయ పార్టీ బీజేడీ 112 గెలిస్తే బీజేపీ 23తో ఆగింది. లోక్‌సభలో మాత్రం బీజేడీ 12, బీజేపీ 8. ఒక యంత్రానికీ ఇంకో యంత్రానికీ మధ్య రెండడుగుల దూరంలో మనసు మార్చుకున్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు. ఢిల్లీకి ఎవరు, మన రాష్ట్రానికి ఎవరు అని విడివిడిగా ఆలోచించకపోతే ఇలా జరగదు.

మన చరిత్రలోనూ ఇదే. 1977లో ఎమర్జెన్సీ తర్వాత ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోతే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 42లో 41 సీట్లు గెలిచింది. నిర్బంధ కుటుంబ నియంత్రణ లాంటివి ఉత్తరాదిలో ఇంటింటికీ తగిలినట్టు ఇక్కడ తగల్లేదు. 1984లో ఇందిరా గాంధీ హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్‌కు 400 పైగా సీట్లు వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం 30 గెలిచి లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షమైంది. ఆ ఆగస్టులోనే ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ బర్తరఫ్ చేయడం, నెల తిరిగేసరికి మళ్ళీ ఆయన్నే కూర్చోబెట్టాల్సి రావడం జనం కళ్ళముందు జరిగాయి. ఢిల్లీ మన తీర్పును తోసేసిందన్న కోపం దేశవ్యాప్త సానుభూతిని కూడా దాటింది. విభజన తర్వాత 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్‌కు ఒక్క సీటూ రాలేదు, అటు శాసనసభలోనూ ఇటు లోక్‌సభలోనూ. 2019లో అయితే అక్కడ కాంగ్రెస్‌కు వచ్చిన ఓట్లకంటే, బీజేపీకి వచ్చిన ఓట్లకంటే నోటాకు ఎక్కువ పడ్డాయి. విభజన తీరు, ప్రత్యేక హోదా మాట... వీటి మీద జనం రెండు జాతీయ పార్టీలకూ చెప్పిన అభిప్రాయం అది. ఈ నాలుగు తీర్పుల్నీ కులంతో మాత్రమే వివరించగలరేమో ప్రయత్నించి చూడండి.

అంటే కులమూ డబ్బూ పనిచేయవని నేననడం లేదు. పనిచేస్తాయి. కులం విషయానికొస్తే, మా వర్గానికి ఢిల్లీలో విలువ ఉందా, రిజర్వేషన్ మీద ఏం చేయబోతున్నారు అన్నవి కూడా జాతీయ రాజకీయ ప్రశ్నలే. ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ కోసం మాదిగలు దశాబ్దాల పాటు చేసిన పోరాటం, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి మాదిగవాడలో అడిగి చూడండి. రాజ్యాంగం, ధర్మాసనం, వర్గీకరణను పరిశీలించిన ఉషా మెహ్రా కమిషన్ అంటూ మీకు పాఠం చెప్పేవాళ్ళు దొరుకుతారు. మాలపల్లిలో అంతే గట్టిగా ఎదురు వాదన దొరుకుతుంది. దాన్ని ‘కులం చూసి ఓటేయడం’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

డబ్బు విషయంలో నేను చూసింది ఇది: ఇరువైపులా పంచినచోట డబ్బు తీర్పును నిర్ణయించడం తక్కువ. తీసుకున్నవాళ్ళు చాలామంది అది ఓటు ధర అనుకోరు, ఐదేళ్ళకోసారి మనదాకా వచ్చేది అదొక్కటే అనుకుంటారు. పక్క ఇంటికి ఇచ్చి తమకు ఇవ్వకపోతే మాత్రం మనసులో పెట్టుకుంటారు. గెలుపు తేడా తక్కువున్నచోట అది ఫలితాన్ని మార్చగలదు, అందుకే దాన్ని చిన్న విషయంగా చూడలేం. అయినా ‘డబ్బు తీసుకున్నాడు కాబట్టి అభిప్రాయం లేదు’ అన్న వాదన నిలబడదు.

కొన్ని హెచ్చరికలు కూడా చెప్పాలి. ప్రతి విషయం మీదా అందరికీ లోతైన అభిప్రాయం ఉంటుందని ఆశించవద్దు. విదేశాంగ విధానం, ద్రవ్యలోటు, ఒకే దేశం ఒకే ఎన్నిక లాంటివి అడిగితే చాలామంది ఆ క్షణంలో తయారు చేసిన జవాబు ఇస్తారు. మర్నాడు అడిగితే మారుతుంది. నియోజకవర్గాల పునర్విభజన చూడండి. 1976 నుంచి రాష్ట్రాలవారీ లోక్‌సభ సీట్ల సంఖ్యను మార్చకుండా ఆపారు, 2001లో 84వ సవరణతో ఆ ఆంక్షను 2026 తర్వాతి జనగణన దాకా పొడిగించారు. జనాభాను బట్టి మళ్ళీ పంచితే దక్షిణాది సీట్ల వాటా తగ్గుతుందన్న చర్చ నాయకుల్లో, చదువుకున్నవాళ్ళలో వేడిగా ఉంది. పల్లెల్లో నేను అడిగితే మాత్రం అసలు సంగతేంటో ముందు చెప్పమన్నారు. చెప్పాక ‘పిల్లల్ని తక్కువ కన్నందుకు సీట్లు తగ్గిస్తారా’ అన్నారు. ఇక్కడే అడిగేవాళ్ళ మీద భారం ఉంది. మీరు ఎలా వివరిస్తే అలాంటి అభిప్రాయమే వస్తుంది, అది మీ అభిప్రాయమే వాళ్ళ నోట వచ్చినట్టు. అందుకే ‘దీని గురించి వినలేదు’ అన్న జవాబుకు మీ ఫారంలో గౌరవంగా చోటుండాలి.

టీవీ మాటల గురించి అన్నారు కదా. నిజమే, మొదటి జవాబు చాలాసార్లు నిన్న రాత్రి చర్చలో విన్నదే, లేదా వాట్సాప్‌లో తిరుగుతున్నదే. అక్కడ ఆగిపోవద్దు. ‘మీ ఇంట్లో, మీకు తెలిసినవాళ్ళలో అలా ఎవరికైనా జరిగిందా’ అని అడగండి. మూడో ప్రశ్నకు వచ్చేసరికి టీవీ భాష పోయి సొంత మాట మొదలవుతుంది. రోజంతా ఒక పార్టీ పోస్టులు పంపే కుర్రాడు నోట్ల రద్దు దగ్గరికొచ్చేసరికి 2016 నవంబరులో అక్క పెళ్ళికి దాచిన డబ్బు మార్చుకోలేక నాన్న పడ్డ అవస్థ చెప్పడం నేను విన్నాను. అదే నోట్ల రద్దును ఇంకో ఊళ్ళో వడ్డీ వ్యాపారికి చెమటలు పట్టించిన రోజుగా సంతోషంగా తలుచుకున్నవాళ్ళూ ఉన్నారు. ఫేస్‌బుక్ వ్యాఖ్యలు చదివి ప్రజాభిప్రాయం ఇదని రాయవద్దు. అక్కడ మాట్లాడేది మాట్లాడటం ఇష్టమున్నవాళ్ళే. నేను చెప్పిన ఉద్దానం పెద్దాయన అక్కడ ఉండడు.

సర్వేలు ఎందుకు తప్పుతాయన్న ప్రశ్నకు పైన చెప్పినదాంట్లోనే సగం జవాబుంది. 2004లో ఎన్డీఏ తిరిగి వస్తుందనే ఎక్కువ అంచనాలు చెప్పాయి, కాంగ్రెస్ 145తో, బీజేపీ 138తో తేలి ప్రభుత్వం మారింది. 2024లో చాలా ఎగ్జిట్ పోల్స్ ఎన్డీఏకు 350 దాటించాయి, వచ్చింది 293, బీజేపీ సొంతంగా 240. ఓడిపోతారనుకున్న వైపు ఉన్నవాళ్ళు, ఊళ్ళో బలవంతులకు భయపడేవాళ్ళు నోరు విప్పరు. పగటిపూట ఇళ్ళ దగ్గర దొరికేవాళ్ళే మళ్ళీ మళ్ళీ దొరుకుతారు. వలస వెళ్ళిన పాలమూరు కూలీ, హైదరాబాద్ నుంచి బస్సెక్కి వచ్చి ఓటేసి వెళ్ళిపోయే కుర్రాడు లెక్కలోకి రారు. పైగా ఓట్ల శాతాన్ని సీట్లుగా మార్చడం వేరే విద్య. రెండు శాతం తేడా వస్తే డజన్ల సీట్లు అటూ ఇటూ అయిపోతాయి. ఎంతమందిని అడిగారన్నదానికంటే ఎవరిని అడిగారన్నది ముఖ్యం. దారిలో కనబడిన లక్షమందికంటే, జాబితాలోంచి సరిగా ఎంచిన రెండు వేలమంది నయం.

ఇక మీ ప్రాజెక్టుకు పనికొచ్చేవి.

ఎవరిని అడగాలో మీరు నిర్ణయించొద్దు, జాబితా నిర్ణయించాలి. బూత్ ఓటర్ల జాబితా ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. వెయ్యి పేర్లలో ఇరవై మంది కావాలంటే ప్రతి యాభైకి ఒకరు. ఒకటి నుంచి యాభైలోపు ఒక చీటీ తీయండి, ముప్పై ఒకటి వస్తే 31, 81, 131... అలా వెళ్ళండి. ఆ మనిషి ఇంట్లో లేకపోతే సాయంత్రం మళ్ళీ వెళ్ళండి, పక్కింటివాళ్ళతో సరిపెట్టుకోవద్దు. దొరకని మనుషులే మీ ఫలితాన్ని మార్చేవాళ్ళు.

ఊరి పెద్దను వెంటబెట్టుకుని తిరగొద్దు. మర్యాదకు ఆయన్ని కలవండి, పనేంటో చెప్పండి. తర్వాత ఒంటరిగా వెళ్ళండి. ఏ వాడ నుంచి మొదలుపెట్టారో కూడా జనం గమనిస్తారు. మొదట పెద్దవీధికి వెళ్ళి సాయంత్రానికి ఎస్సీ కాలనీకి వెళ్తే, మీరు ఎవరి మనిషో అప్పటికే అక్కడ నిర్ణయమైపోయి ఉంటుంది.

ప్రశ్నల వరస మార్చండి. ముందు పని, పిల్లలు, ఖర్చులు, గత ఏడాదితో పోలిస్తే ఎలా ఉంది. తర్వాత ఒక్కో విషయం. పార్టీ పేరు చివర్లో, అదీ అవసరమైతేనే. పేరు, ఫోన్ నంబరు మొదట్లో అడగొద్దు. మీ ప్రాజెక్టుకు అవి లేకున్నా నష్టం లేదు. కులం కూడా ఆఖరునే. ఎవరికి ఓటేశారన్నది తెలుసుకోవాలంటే నోటితో అడగకండి. గుర్తులున్న నమూనా బ్యాలెట్ ఇచ్చి, మీరు అటు తిరిగి నిలబడి, మడిచి డబ్బాలో వేయమనండి. ఎన్నికల మీద సర్వేలు చేసే పరిశోధన సంస్థ లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ వాళ్ళు ఏళ్ళ తరబడి చేస్తున్న పద్ధతి ఇదే. ‘చెప్పను’ అన్నవాళ్ళు డబ్బాలో వేయడానికి ఒప్పుకోవడం నేను చాలాసార్లు చూశాను.

వాళ్ళ మాటను వాళ్ళ యాసలో, అలాగే రాసుకోండి. ‘నిరుద్యోగ సమస్యపై ఆందోళన వ్యక్తం చేశారు’ అని మీ భాషలోకి మార్చేస్తే ‘పిల్లనెవలిస్తారమ్మా’ అన్నది పోతుంది, దాంతోపాటు అభిప్రాయమూ పోతుంది. రాసేటప్పుడు ఊరి పేరు, వాడ, వృత్తి మూడూ కలిపి ఇవ్వొద్దు. చిన్న ఊళ్ళో ఆ మూడూ తెలిస్తే మనిషి తెలిసిపోయినట్టే, దాని ఫలితం అనుభవించేది మీరు కాదు.

ఎన్నికలు దగ్గరలో ఉంటే చట్టం చూసుకోండి. నోటిఫై చేసిన కాలంలో ఎగ్జిట్ పోల్ జరిపి ప్రచురించడాన్ని పైన చెప్పిన 1951 చట్టమే 126ఎ సెక్షన్‌లో నిషేధిస్తుంది, రెండేళ్ళ దాకా జైలు శిక్ష పడొచ్చు. కాలేజీ ప్రాజెక్టు కదా అని ఆ రోజుల్లో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేయకండి.

చివరగా, మీ నియోజకవర్గం ఫారం 20 తీసి మీరు తిరిగిన బూత్‌ల అంకెలు చూడండి. తెలంగాణ అయితే 2023 శాసనసభ, 2024 లోక్‌సభ రెండూ తీయండి, ఏపీ అయితే 2024 శాసనసభ, లోక్‌సభ పట్టికలు పక్కపక్కన పెట్టండి. ఒకే బూత్‌లో ఎమ్మెల్యేకూ ఎంపీకీ ఒకే పార్టీకి పడిన ఓట్లలో తేడా ఎంతుందో రాసుకోండి. ఆ తేడా ఎక్కువున్న బూత్ ఏదో తేలాక, అక్కడికి సాయంత్రం పూట మళ్ళీ వెళ్ళి, రెండు ఓట్లూ ఒకేవైపు ఎందుకు వేయలేదని అడగండి. ఎవరికి వేశారని మాత్రం అడగొద్దు. ఈసారి ‘ఎవరొస్తే మనకేంటి’ అనేవాళ్ళు తగ్గుతారు. ఏం విన్నారో వీలైతే ఇక్కడే రాయండి, ప్రశ్నావళి తయారుచేసుకుని పెడితే చూసి మార్పులు చెప్తాను.